నిండని ట్యాంకు

(పట్టణ శివారులోని ఒక కాలనీ సంక్షేమ సంఘం ఏర్పాటు చేసిన సభలో, ప్రజారోగ్య ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన వక్త చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాము.)

అధ్యక్షుల వారికి, కాలనీ పెద్దలకు, అమ్మలకు, పనులు ఆపుకొని వచ్చిన తాపీ మేస్త్రీలకు నమస్కారం. మేస్త్రీలు వెనక వరుసల్లో కూర్చున్నారు, దయచేసి ముందుకు రండి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న దాంట్లో సగం మీ కోసం, మిగతా సగం మీ చేత పని చేయించుకునే వారి కోసం.

సభకు ముందు సంఘం కార్యదర్శి గారితో కలిసి మీ వీధులు తిరిగాను. ఎనిమిది ఇళ్ళలో ఒకటే అడిగాను: మీ సెప్టిక్ ట్యాంకు ఎక్కడుంది, దాన్ని చివరిసారి ఎప్పుడు తీయించారు అని. ముగ్గురికి ట్యాంకు ఎక్కడుందో తెలియలేదు, మేస్త్రీని అడగాలన్నారు. ఒక పెద్దాయన మాత్రం వెంటనే చూపించి, ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్ళయిందనీ, తన ట్యాంకు ఇంతవరకు నిండలేదనీ, ఒక్కసారి కూడా తీయించే అవసరం రాలేదనీ ఎంతో తృప్తిగా చెప్పారు. పక్కింటి వారు వచ్చి మాదీ అంతేనండీ అన్నారు. ఇక్కడున్న వారిలో ఎంతమంది ఇళ్ళలో ట్యాంకు ఇంతవరకు నిండలేదు? ఒకసారి చేతులెత్తండి. చూశారా, సగానికి పైగా చేతులు లేచాయి. ఆ చేతులు చూస్తుంటే నాకు భయంగా ఉంది. ఎందుకో లెక్క వేసి చెబుతాను.

ఇంట్లో ఐదుగురు ఉన్నారనుకుందాం. స్నానాల నీళ్ళు, గిన్నెలు తోమిన నీళ్ళు వదిలేసి, మరుగుదొడ్డిలో పోసే నీళ్ళే చూద్దాం. మనిషికి రోజుకు 40 లీటర్లు వేసుకుంటే ఇంటికి 200 లీటర్లు. ఆ పెద్దాయన ట్యాంకు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు. అంటే 360 ఘనపుటడుగులు, సుమారు 10,000 లీటర్లు. రోజుకు 200 లీటర్ల చొప్పున పోస్తుంటే అది నిండడానికి ఎన్నాళ్ళు పట్టాలి? 50 రోజులు. మరి పద్దెనిమిదేళ్ళలో అందులోకి వెళ్ళిన నీరెంత? 13 లక్షల లీటర్లు. ఆ ట్యాంకుకు బయటికి పోయే గొట్టం కూడా లేదు, అడిగి తెలుసుకున్నాను. 50 రోజుల్లో నిండవలసిన తొట్టె పద్దెనిమిదేళ్ళయినా నిండలేదంటే ఆ 13 లక్షల లీటర్లు ఎక్కడికి పోయినట్టు?

నేలలోకి పోయాయి. ఆ నేలలోంచే మీ బోర్లు నీళ్ళు తోడుతున్నాయి.

ఈ ఒక్క సంగతి మీ మనసుకు ఎక్కితే నేను వచ్చిన పని సగం అయినట్టే, అందుకే మళ్ళీ చెబుతున్నాను. సరిగ్గా కట్టిన సెప్టిక్ ట్యాంకు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. వాడకం మొదలైన కొద్ది రోజులకే నిండుతుంది, ఆ తరువాత పైనుంచి ఒక చెంబెడు నీళ్ళు లోపలికి వస్తే అవతలి గొట్టం నుంచి ఒక చెంబెడు నీళ్ళు బయటికి పోతాయి. అది దాని స్వభావం. నిండని ట్యాంకు అంటే అడుగు లేని గొయ్యి, లేదా పగుళ్ళు వారిన గొయ్యి. దాని మీద పలక వేసి సెప్టిక్ ట్యాంకు అని పిలుచుకుంటున్నాం.

అసలు ఈ ట్యాంకు లోపల జరిగే పని ఏమిటో కొంచెం ఓపికగా వినండి. 1860 ప్రాంతంలో ఫ్రాన్సులో మూరాస్ అనే ఆయన తన ఇంటి మలినాలన్నీ చేరేలా ఒక రాతి తొట్టె కట్టించి, గాలి చొరకుండా మూసివేయించారు. చాలా ఏళ్ళ తరువాత తెరిచి చూస్తే అది గట్టి మలంతో నిండి ఉంటుందనుకున్నవారికి లోపల దాదాపుగా నీరే కనిపించింది. ఆయన 1881లో దానికి పేటెంటు పొందారు. ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ 1890ల్లో ఇలాంటిదే కట్టి సెప్టిక్ ట్యాంకు అని పేరు పెట్టారు. సెప్టిక్ అంటే కుళ్ళబెట్టేది అని అర్థం. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు మలాన్ని కుళ్ళబెట్టి, కొంత వాయువుగా, కొంత నీటిలో కరిగే పదార్థంగా మార్చివేస్తాయి. ఆ పని నెమ్మదిగా సాగుతుంది. నీరు కదలకుండా నిలబడితేనే సాగుతుంది.

నీరు నిలబడితే లోపల మూడు పొరలు ఏర్పడతాయి. బరువైనది అడుగున మడ్డిగా చేరుతుంది, నూనె, జిడ్డు వంటి తేలికైనది పైన తెట్టు కడుతుంది, మధ్యలో కొంత తేరిన నీరు ఉంటుంది. బయటికి పోవలసింది ఆ మధ్య నీరు మాత్రమే. ఇప్పుడు మేస్త్రీలను అడుగుతున్నాను: ట్యాంకు లోపలికి వచ్చే గొట్టానికీ, బయటికి పోయే గొట్టానికీ టీ, అంటే ఇంగ్లీషు T ఆకారంలో ఉండే గొట్టం ముక్క, బిగిస్తున్నారా? బిగించడం లేదని నాకు తెలుసు, తలలు ఊపుతున్నారు. తప్పు మీ ఒక్కరిదే అని నేను అనడం లేదు. ఇంటి ముందు మెట్లకు నాలుగు డ్రాయింగులు గీయించే యజమాని ట్యాంకుకు ఒక్క కాగితం కూడా ఇవ్వడు. కానీ ఆ టీ లేకపోతే పైన తేలే తెట్టు నేరుగా బయటి గొట్టంలోకి పోతుంది, అక్కడి నుంచి, ట్యాంకు నీరు నేలలోకి ఇంకడానికి తవ్విన గుంతలోకి పోయి మట్టి రంధ్రాలన్నిటినీ మూసివేస్తుంది, రెండేళ్ళు తిరగకుండా ఇంటి మరుగుదొడ్డి వెనక్కి తన్నడం మొదలవుతుంది. వంద రూపాయల ముక్క లేనందువల్ల వేలు ఖర్చు పెట్టి కట్టిన గుంత పనికిరాకుండా పోతుంది. లోపలి టీ కాలు నీటి మట్టం కిందికి దిగాలి. బయటికి పోయే గొట్టం లోపలికి వచ్చే గొట్టం కంటే 5 సెంటీమీటర్లు కిందికి ఉండాలి. అడుగు మొత్తం కాంక్రీటు వేసి, గోడలు లోపలా బయటా ప్లాస్టరింగు చేసి, నీళ్ళు నింపి ఒక రోజు ఉంచి చూడాలి. మట్టం తగ్గిందా, ఆ ట్యాంకు కారుతున్నట్టే. మేడ మీది నీళ్ళ తొట్టెకు ఈ పరీక్ష ప్రతి ఒక్కరూ చేస్తారు. భూమిలో ఉన్న ట్యాంకుకు చేసిన ఇల్లు నా ఉద్యోగ జీవితంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

మన దేశంలో దీనికి ఐ.ఎస్. 2470 అనే ప్రమాణం ఉంది, 1985 నాటిది. ఐదుగురున్న ఇంటికి అది చెప్పిన కొలతలు వింటే మీరు నమ్మరు. రెండేళ్ళకు ఒకసారి తీయించే లెక్కన 1.5 మీటర్ల పొడవు, 75 సెంటీమీటర్ల వెడల్పు, 1 మీటరు నీటి లోతు, దానిపైన 30 సెంటీమీటర్ల ఖాళీ. ఇంతే. మన లెక్కలో చెప్పాలంటే ఐదు అడుగులు, రెండున్నర అడుగులు. పదిమందికైతే 2 మీటర్లు, 90 సెంటీమీటర్లు, అదే లోతు. మనం పదడుగులు, పన్నెండడుగులు ఎందుకు తవ్విస్తున్నాం? మళ్ళీ తీయించే బాధ ఉండకూడదని. తీయించకుండా ఉండడం కోసం కట్టే ట్యాంకు అడుగు లేకుండానే కట్టవలసి వస్తుంది, ఎందుకంటే అడుగు వేస్తే అది నిండుతుంది కదా. 2,000 లీటర్లు దాటితే దాన్ని రెండు గదులు చేసి, మొదటి గదికి మూడింట రెండు వంతులు ఇవ్వాలని కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. చిన్నగా, గట్టిగా, అడుగుతో కట్టండి. రెండు మూడేళ్ళకు ఒకసారి తీయించండి. పెద్ద గొయ్యికి పెట్టే డబ్బులోనే ఇది అయిపోతుంది.

నేల మాట

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. మా ఊరు గోదావరి డెల్టాలో ఉంది. నేను ఇంజనీరింగు చదువుతున్న రోజుల్లో మా నాన్నగారు పెరట్లో మరుగుదొడ్డి కట్టించారు. మా వీధిలో అదే మొదటిది, అమ్మ ఎంత సంతోషించిందో చెప్పలేను. ఆరు అడుగులు తవ్వేసరికే నీరు ఊరింది. సిమెంటు వరలు దింపి, అడుగు వదిలేసి, పైన మూత వేశారు. బావి అక్కడికి పాతిక అడుగులు. మూడో వానాకాలంలో మా చెల్లెలికి కామెర్లు వచ్చాయి, నెల తిరగకుండా తమ్ముడికి వచ్చాయి. సెలవులకు వెళ్ళినప్పుడు ఆ బావి నీళ్ళు సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయిస్తే మలంలో ఉండే సూక్ష్మజీవులు ఉన్నాయని తేలింది. ఆ బావి వల్లనే కామెర్లు వచ్చాయని నేను రుజువు చేయలేను. కానీ అమ్మ ఆ కాగితం పట్టుకొని, నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదరా, వాసన కూడా లేదు కదరా అని మళ్ళీ మళ్ళీ అడగడం నాకు ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది. నీళ్ళు అద్దంలా ఉండవచ్చు. నీటిలోని సూక్ష్మజీవి కంటికి కనబడదు, నాలుకకు తెలియదు.

డెల్టా నేల సంగతి అలా ఉంచి మీ నేల సంగతికి వద్దాం. ఇక్కడ పైన నాలుగైదు అడుగులు ఎర్రమట్టి, దాని కింద మొరం, ఆ కింద రాయి. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా చోట్ల ఇదే నేల. ఇసుక, మట్టి అయితే నీటిని కొంత వడగట్టి వదులుతాయి. రాతి పగులు దేన్నీ వడగట్టదు, అది గొట్టం లాంటిది. పైన గొయ్యిలో పోసిన నీరు పగులు దొరికితే ఎంత దూరమైనా పోతుంది, ఆ పగుళ్ళలోంచే మీ బోరుకు నీరు వస్తుంది. బోరు వేసినప్పుడు కేసింగు గొట్టం గట్టి రాయి తగిలే దాకా దించుతారు. ఆ గొట్టానికీ మట్టికీ మధ్య సందును సిమెంటుతో పూడ్చారా? పూడ్చకపోతే పైన పారే మురికి ఆ సందు వెంట నేరుగా కిందికి దిగుతుంది. నల్లరేగడి ఉన్న చోట ఇంకో చిక్కు. ఎండాకాలంలో నోరు తెరుచుకొని వానాకాలంలో మూసుకుపోయే ఆ మట్టిలో నీరు ఇంకనే ఇంకదు. అక్కడ ఇంకే గుంత తవ్వించడమంటే చెరువు తవ్వించినట్టే.

ప్రమాణం ప్రకారం ట్యాంకు నీరు ఇంకే గుంత తాగునీటి బావికి 18 మీటర్లకు తక్కువ దూరంలో ఉండకూడదు, నివాసానికి 6 మీటర్లకు తక్కువ ఉండకూడదు. 18 మీటర్లంటే దాదాపు 60 అడుగులు. మీ కాలనీలో స్థలాలు ఎంతెంత? 150 గజాలు, 200 గజాలు. 150 గజాల స్థలం అంటే 30 అడుగులు, 45 అడుగులు. 45 అడుగుల స్థలంలో 60 అడుగుల దూరం ఎక్కడి నుంచి తెస్తారు? తేలేరు. మీ గుంత మీ బోరుకు దూరంగా పెట్టాలని వెనక మూలకు జరిపితే, అది వెనక ఇంటి వారి బోరు పక్కకు చేరుతుంది. వారు కూడా అలాగే ఆలోచించి తమ గుంతను మీ ప్రహరీ పక్కన పెట్టి ఉంటారు. ఈ విషయంలో ఏ ఇంటికి ఆ ఇల్లు విడిగా బాగుపడడం సాధ్యం కాదు. కాలనీ అంతా ఒక పటం మీద బోర్లు, గుంతలు గుర్తించి చూసుకోవాలి. అందుకే నేను ఇళ్ళకు విడివిడిగా వెళ్ళకుండా సంఘం పిలిస్తేనే వస్తానన్నాను.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పి తీరాలి. ఇంకుడు గుంత. వాన నీరు భూమిలోకి ఇంకడానికి తవ్వేదాన్నీ ఇంకుడు గుంత అంటున్నాం, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే దాన్నీ ఇంకుడు గుంత అంటున్నాం. పేరు ఒకటే కావడం వల్ల ఎంత ప్రమాదం జరుగుతోందో ఈ రోజు మధ్యాహ్నం కళ్ళారా చూశాను. మీ మూడో వీధిలో ఒకాయన బోరు పక్కనే, నీరు బాగా పెరగాలని, కంకర, ఇసుక పోసి చక్కని వాన నీటి గుంత కట్టించారు. అక్కడికి వచ్చే గొట్టాలు రెండు. ఒకటి మేడ మీద నుంచి వస్తోంది. రెండోది ఎక్కడి నుంచి అని అడిగితే, ట్యాంకు నుంచి వచ్చే తేట నీరే కదండీ, వృథా ఎందుకని కలిపించామన్నారు. ఆయన మంచి మనసుతోనే చేశారు. నీటిని పొదుపు చేయాలనే చేశారు. కానీ బోరుకు నీరు చేరవేయడానికి కట్టిన గుంతలోకి మలజలం వదిలారు. ఆయన పేరు చెప్పను, ఆయన ఈ సభలోనే ఉన్నారు, రేపే ఆ గొట్టం తీయించేస్తానని మాట ఇచ్చారు. ఇంకెన్ని ఇళ్ళలో ఇలా ఉందో మీరే వెళ్ళి చూసుకోండి. దయచేసి ఈ రెండు గుంతలకూ రెండు పేర్లు పెట్టుకోండి. ఒకటి వాన గుంత, రెండోది మురుగు గుంత. ఆ పేరు వింటేనే రెండూ కలపబుద్ధి కాదు.

ట్యాంకు నుంచి వచ్చేది తేట నీరు కానే కాదు. గట్టి పదార్థం తగ్గుతుంది, అంతే. రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు, పురుగుల గుడ్లు అందులో ఇంకా ఉంటాయి. అది మట్టిలోంచి నెమ్మదిగా ఇంకుతున్నప్పుడే శుద్ధి జరుగుతుంది. అందుకే గుంత తవ్వే ముందు నేలను పరీక్షించాలి. చిన్న గొయ్యి తీసి, ముందురోజు నీటితో బాగా నానబెట్టి, మరునాడు నీళ్ళు పోసి, 25 మిల్లీమీటర్లు ఇంకడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూడాలి. 30 నిమిషాలలోపు అయితే గుంత పనికొస్తుంది. 30 నుంచి 60 అయితే గుంత బదులు కంకర నింపిన పొడవాటి కాలువ తవ్వాలి. 60 దాటితే ఆ నేలను నమ్ముకోకూడదు, ట్యాంకు తరువాత కంకర నింపిన ఇంకో గది కట్టి, నీరు కిందినుంచి పైకి ఆ కంకరలోంచి ఎక్కి బయటికి వచ్చేలా చేయాలి. భూగర్భ జలానికీ గుంత అడుగుకూ మధ్య 2 మీటర్లైనా పొడి నేల ఉండాలి. వానాకాలం మట్టం చూసి కొలవాలి, మే నెలలో చూసి కాదు.

మేము తాగేది క్యాను నీళ్ళే కదండీ, బోరు నీళ్ళు తాగడం లేదు కదా అని ఇందాక ఒక అమ్మ అన్నారు. అమ్మా, కూరగాయలు ఏ నీటితో కడుగుతున్నారు? పిల్లలు పళ్ళు తోముకొని ఏ నీటితో పుక్కిలిస్తున్నారు? గిన్నెలు? చంటివాడికి పాలు కలిపే సీసా? ఇంకొక విషయం కూడా ఉంది. మలమూత్రాలలోని నత్రజని నేలలో నైట్రేటుగా మారి నీటిలో కలుస్తుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అది ఎక్కువైన నీటితో కలిపిన పాలు తాగే పసిపిల్లలకు రక్తం ప్రాణవాయువును మోయలేక శరీరం నీలంగా మారే ప్రమాదం ఉంది. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, నైట్రేటు పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో అది ఇంకా చిక్కనవుతుంది.

మూత తీసే ముందు

ఇప్పుడు చెప్పేది మేస్త్రీలు, కూలీలు, ఇంటి యజమానులు, అందరూ వినాలి. ట్యాంకులో మలం కుళ్ళేటప్పుడు మీథేను, హైడ్రోజన్ సల్ఫైడు, కార్బన్ డయాక్సైడు పుడతాయి. మీథేనుకు నిప్పు తగిలితే మండుతుంది. హైడ్రోజన్ సల్ఫైడు కొంచెం ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగుడ్ల వాసన వస్తుంది, ఎక్కువైతే అది మన ముక్కునే చంపేస్తుంది, వాసన తెలియదు. వాసన పోయింది, ఇక దిగవచ్చు అనుకున్నవాడు రెండు ఊపిర్లలో కూలిపోతాడు. ఇలాంటి వార్తల్లో మీరు ఒక సంగతి గమనించారా? చాలాసార్లు చావు ఒక్కరితో ఆగదు. దిగినవాడు పలకకపోతే అన్న దిగుతాడు, అన్న కోసం బావ దిగుతాడు. ప్రేమే వాళ్ళను లోపలికి దింపుతుంది. పైన ఉన్నవారు చేయవలసింది దిగకుండా ఉండడం, గాలి అందించే పరికరం ఉన్న అగ్నిమాపక సిబ్బందిని పిలవడం. ఇది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా ఇదే చేయాలి.

కొత్త ట్యాంకుకు కూడా ఈ ప్రమాదం ఉంది. పైకప్పు పలక పోసి, రెండు మూడు వారాలు మూసి ఉంచి, సెంట్రింగు చెక్కలు విప్పడానికి కుర్రవాణ్ణి దింపుతారు. ఇంకా మలం చుక్క పడని ట్యాంకే కదా, ఏముంటుంది అనుకుంటారు. అందులో నిలిచిన నీరు, తడిసి కుళ్ళుతున్న చెక్క కలిసి లోపలి ప్రాణవాయువును తినేస్తాయి. ఇలా చెక్కలు విప్పడానికి దిగి చనిపోయినవాళ్ళు మన రాష్ట్రాలలోనూ ఉన్నారు. మూతలన్నీ తెరిచి, బ్లోయరుతో గాలి కొట్టి, గాలి పరీక్షించిన తరువాతే, నడుముకు తాడు కట్టుకొని, పైన ఇద్దరు పట్టుకొని ఉండగా దిగాలి. ఇంతకంటే మంచి పద్ధతి, లోపలికి దిగే అవసరమే లేకుండా పలకలను బయట పోసి, ఆరిన తరువాత పైన పేర్చడం.

వాడుకలో ఉన్న ట్యాంకును శుభ్రం చేయడానికి రక్షణ లేకుండా మనిషిని దింపడం నేరం. 2013లో వచ్చిన చట్టం ప్రకారం ఏ వ్యక్తీ, ఏ సంస్థా అలా నేరుగా గానీ ఇంకొకరి ద్వారా గానీ నియమించకూడదు. మొదటి నేరానికే రెండేళ్ళ వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉన్నాయి. ఏ వ్యక్తీ అంటే ఇంటి యజమాని కూడా. చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చిలో ఆదేశించింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. ఆ 2014 తీర్పు సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన వ్యాజ్యం మీద వచ్చింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్ గారు కోలారు బంగారు గనుల దగ్గర ఒక తెలుగు కుటుంబంలో పుట్టారు. పాకీ పని చేసే ఇంట్లో పుట్టి, ఆ పనిని దేశం నుంచే పోగొట్టాలని పూనుకున్నారు. 2016లో ఆయనకు మెగసెసే పురస్కారం వచ్చింది. మన ట్యాంకులోకి దిగే మనిషి ఏ కులం నుంచి వస్తాడో మనందరికీ తెలుసు. తెలిసి ఊరుకున్నాం. ఇకమీదట ఊరుకోవద్దని మిమ్మల్ని అడుగుతున్నాను.

మరి ట్యాంకు తీయించడం ఎలా? పంపు ఉన్న లారీని పిలవాలి. 14420 నంబరుకు ఫోను చేయవచ్చు, పురపాలక సంఘంలో అనుమతి పొందిన వాహనాల జాబితా అడగవచ్చు. మడ్డి, తెట్టు కలిసి లోతులో మూడో వంతుకు చేరేలోపు పిలవాలి, మామూలు ఇంటికి అది రెండు మూడేళ్ళకు వస్తుంది. మొత్తం కడిగేయించవద్దు, అడుగున కొంచెం మడ్డి మిగలనిస్తే సూక్ష్మజీవులు మళ్ళీ పెరుగుతాయి. తీసిన వెంటనే నీళ్ళతో నింపండి. నీరు పైకి ఊరే నేలలో ఖాళీ ట్యాంకు పడవలా పైకి లేచిన సందర్భాలున్నాయి, ముఖ్యంగా ప్లాస్టిక్ ట్యాంకులు. ట్యాంకులో వేయడానికని బజారులో అమ్మే పొడి పొట్లాలు కొనవలసిన పని లేదు. యాసిడ్ డబ్బాలు డబ్బాలుగా పోయకండి, శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, వంట నూనె వేయకండి. మేడ మీది వాన నీరు ట్యాంకులోకి రానివ్వకండి, ఒక్క పెద్ద వాన లోపలి మడ్డినంతా కదిపి బయటికి తోసేస్తుంది. గాలి గొట్టం మేడ కంటే 2 మీటర్లు ఎత్తుండాలి, దాని నోటికి దోమ తెర కట్టాలి. మూతలు గట్టివి ఉండాలి. విరిగిన మూత మీద గోనె కప్పి ఉంచిన ఇల్లు ఒకటి ఈ రోజు చూశాను, ఆ ఇంట్లో చిన్న పిల్లలున్నారు.

లారీ ఆ మడ్డిని ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా అడగండి. అడిగే హక్కు మీకుంది. 2016లో వరంగల్ నగరపాలక సంస్థ మానవ వ్యర్థాల నిర్వహణకు నిబంధనలు తెచ్చి, ఆ తరువాత శుద్ధి కేంద్రం కట్టింది. కర్ణాటకలోని దేవనహళ్ళిలో 2015లోనే అలాంటి కేంద్రం వచ్చింది. 2017 ఫిబ్రవరిలో దేశానికంతటికీ జాతీయ విధానం వచ్చింది. అయినా రాత్రి పూట ఊరి చివర చెరువులో గొట్టం విప్పే లారీలు ఇంకా ఉన్నాయి. వంద రూపాయలు తక్కువకు వస్తానన్న లారీని పిలిచి, ఆ చెరువు చేపలే ఆదివారం కొనుక్కుంటున్నాం.

కొత్తగా ఇల్లు కడుతున్నవారు ఈ సభలో నలుగురున్నారని కార్యదర్శి గారు చెప్పారు. మీకు ఒకటే కోరిక. ట్యాంకు మీద పలకలు వేసే ముందు, ప్రహరీ నుంచి ఎన్ని అడుగుల్లో ఉందో టేపు పెట్టి, ఆ టేపు కనబడేలా ఫోనులో ఫోటో తీసి దాచుకోండి. లారీ గొట్టం అందేలా వీధి వైపు కట్టించండి. రెండు గదులకూ రెండు మూతలు పెట్టించండి. కారు నిలిపే చోట టైల్సు కింద పూడ్చేస్తే పదేళ్ళ తరువాత మీ అబ్బాయి దాన్ని వెతకడానికి నేలంతా పగలగొట్టాలి.

ఇక ఈ సాయంత్రం చేయవలసిన పని ఒకటి మిగిలింది. తలుపు పక్కన బల్ల మీద శుద్ధి చేసిన సీసాలు నలభై ఉన్నాయి, పరీక్షా కేంద్రం వారు ఇచ్చారు. వీధికి నాలుగు ఇళ్ళ చొప్పున తీసుకోండి, చేతులెత్తిన వారు ముందు తీసుకోండి. మూత ఇప్పుడు తెరవవద్దు, సీసా లోపల వేలు పెట్టవద్దు, కడగవద్దు. రేపు ఉదయం బోరు ఐదు నిమిషాలు నడిపి, కుళాయి మూతిని నిప్పుతో కాల్చి, కొంచెం నీరు వదిలి, అప్పుడు పట్టండి. పైన కొంత ఖాళీ ఉంచి వెంటనే మూత బిగించండి. సీసా మీద ఇంటి నంబరు, బోరు లోతు, ట్యాంకుకు ఎన్ని అడుగుల దూరమో రాయండి. ఏడున్నరకల్లా ఈ హాలుకు తెస్తే ఐసు పెట్టెలో పెట్టి నేనే తీసుకువెళ్తాను. 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ.కొలి, అంటే మలంలో ఉండే ఒక సూక్ష్మజీవి, ఒక్కటి కూడా ఉండకూడదు. ఫలితాలు రాగానే, కాలనీ పటం ఈ గోడకు అంటించి, ఒక్కొక్క బోరు పక్కన రాద్దాం. ఆ పెద్దాయన మొదటి సీసా తనకే ఇమ్మన్నారు, ఇదుగో, తీసుకోండి.